దళారి ఎవరి పక్షం?

కామసముద్రం స్టేషన్‌లో బెంగళూరు బండి కోసం పొద్దున్నే నిలబడేవాళ్లకి ఒక లెక్క తప్పదు: రైలా, బస్సా? 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు (కేజీఎఫ్) మూతపడ్డాక ఈ చుట్టుపక్కల చాలామందికి బెంగళూరే దిక్కయింది. సరిగ్గా ఇలాంటి లెక్కకే ఆర్థికవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్ 2000లో నోబెల్ పంచుకున్నాడు. 1970లలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో కొత్త రైలు తిరగకముందే జనం అలవాట్లు, చార్జీలు, పట్టే సమయం సేకరించి, దాన్ని ఎక్కేవాళ్లు 6.3 శాతం అని తేల్చాడు. తీరా ఎక్కింది 6.2 శాతం. జనం ఎంపికను ముందే పసిగట్టే ఈ విద్యే తర్వాత అంగళ్లకూ పాకింది. అయితే దీనిలో ఒక పాత మెలిక ఉంది. మనవాళ్లలో సగం రైలు, సగం ఎర్రబస్సు ఎక్కుతున్నారనుకోండి. అదే దారిలో, అదే వేళకి, అదే టికెట్టుకి ఒక నీలం బస్సు వేస్తే, సాదా లెక్క మూడింటికీ మూడో వంతు చొప్పున పంచేస్తుంది. బస్సు రంగు చూసి రైలు మానేసేవాడు ఎక్కడైనా ఉంటాడా? ఆ తప్పును మెక్‌ఫాడెనే దిద్దాడు. లెక్క తప్పితే దిద్దుకోవచ్చు. ఆ లెక్క ఎవరికోసం కడుతున్నారన్నదే అసలు గొడవ.

కోలారు టమాటా మండీలో పెట్టెలు దింపిన రైతు దళారి మాట వినేముందు ఒకటి ఆలోచిస్తాడు: ఇతను నావైపా, కొనేవాడివైపా? తెర మీద మన తరఫున సరుకులు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఏజెంటునూ అదే అడగాలి. మొదట్లో అది కొనేవాడి మనిషిగానే పుట్టింది. 1995లో ఆండర్సన్ కన్సల్టింగ్ వాళ్ల ‘బార్గెయిన్‌ఫైండర్’ పాటల సీడీ పేరు చెబితే చాలు, ఇంటర్నెట్ దుకాణాలన్నీ తిరిగి ఎక్కడ చవకో చెప్పేది. కొన్ని దుకాణాలు దానికి తలుపులు మూసేశాయి. ఎంఐటీలో ప్యాటీ మేస్ బృందం, ఒకే రుచి ఉన్నవాళ్లను జతకలిపి పాటలు సూచించే పద్ధతి మీద ‘ఫైర్‌ఫ్లై’ కంపెనీ పెట్టింది; 1998లో దాన్ని మైక్రోసాఫ్ట్ కొనేసింది. ధరలు పోల్చి చూపే ‘జంగ్లీ’ని, మన దేశం నుంచి వెళ్లిన కుర్రాళ్లు పెట్టిన కంపెనీని, అదే ఏడాది అమెజాన్ కొంది. ఇది కుట్రేమీ కాదు. ఏజెంటుకి జీతం ఇవ్వడానికి కొనేవాడు ముందుకు రాలేదు, అమ్మేవాడు వచ్చాడు. అంతే, దళారి గట్టు దాటాడు.

ఊళ్లో అంగడి శెట్టి మాత్రం తన లాభం చూసుకోడా అంటారు. చూసుకుంటాడు. కానీ ఆయన గల్లాపెట్టెకి అటువైపు కూర్చుంటాడని మనకి కనిపిస్తూనే ఉంటుంది. ‘మీకోసమే ఎంచాం’ అని బోర్డు పెట్టుకోడు. లక్షల సరుకుల్లో వెతికే ఓపిక ఎవరికుంది, ఆ పని యంత్రం చేస్తే మంచిదేగా అన్నది ఇంకాస్త బలమైన వాదన. నిజమే. ఏ సరుకు కొన్నవాళ్లు తోడుగా ఏది కొన్నారో చూసి చెప్పే అమెజాన్ పద్ధతి, 2003లో దాని ఇంజనీర్లే రాసి చూపించినది, నిజంగా అక్కరకొస్తుంది. కానీ ఆ ఓపిక లేకపోవడమే ఇక్కడ కీలకం. మనిషి అన్నిటికన్నా మంచిదాని కోసం వెతకడు, సరిపోయేది దొరకగానే ఆగిపోతాడని ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1950లలోనే చెప్పాడు. అలాంటప్పుడు తెర మీద మొదటి రెండు వరుసల్లో ఏం పెట్టాలో తేల్చేవాడే సగం బేరం తేల్చేసినట్టు. ఆ వరుసల్లో ఒకే మిక్సీ ఆరు పేర్లతో నిలబడితే అవి ఆరు నీలం బస్సులే. పైగా కొనకుండా ఊరుకోవడమూ ఒక నిర్ణయమే. పరిశోధకుల నమూనాల్లో దానికి చోటుంది, అంగడి తెర మీద దానికి మీట లేదు.

2020లో ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ తెలుగు మాట్లాడటం మొదలుపెట్టాయి. అదే ఏడాది జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు, సరుకుల వరుసను ఏయే అంశాలు తేలుస్తున్నాయో, దేనికెంత బరువో, అందరికీ కనిపించేలా సులువైన మాటల్లో చెప్పి తీరాలన్నాయి. ఈసారి ఆర్డరు పెట్టేముందు మీ యాప్‌లో ఆ వివరణ వెతకండి. దొరక్కపోతే, దొరికినా అర్థం కాకపోతే, వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.