గుర్రం నుంచి స్కూటరు దాకా



హిందూపురంలో రైలెక్కి రోజూ బెంగళూరు పోయి ఉద్యోగం చేసి వచ్చేవాళ్లు మన వైపు చాలామందే ఉన్నారు. అదే బెంగళూరులో సొంత స్కూటరు మీద అంగడి అంగడికీ తిరిగి ఆర్డర్లు పట్టేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ చేతి డబ్బే ఖర్చవుతుంది. అయినా ఆదాయపు పన్ను లెక్కలో ఈ రెండు ప్రయాణాలూ ఒకటి కావు.

ఈ తేడా ఇంగ్లండులో పుట్టింది. అక్కడి పాత పన్ను చట్టంలో ఉద్యోగి తన విధి నిర్వహణలో చేసిన ప్రయాణాల ఖర్చును, అందుకోసం గుర్రాన్ని పోషించే ఖర్చును జీతంలోంచి తగ్గించుకోనిచ్చారు. మోటారు కార్లు వచ్చిన తరువాత కూడా ఆ గుర్రం చట్టంలో అలాగే నిలిచి ఉండేది! 1920లలో రికెట్స్ అనే న్యాయవాది లండనులో కాపురముంటూ పోర్ట్స్‌మత్‌లో న్యాయాధికారిగా పనిచేసేవాడు. ఆ రైలు ఖర్చు తగ్గించమన్నాడు. ప్రభువుల సభ ఒప్పుకోలేదు. దూరంగా ఉండటం నీ ఇష్టం, నీ పని పోర్ట్స్‌మత్ చేరాకే మొదలవుతుంది అన్నది వాళ్ల తర్కం. పనికి పోవడం వేరు, పని మీద పోవడం వేరు.

మన సరిహద్దులో ఇంకో చిత్రముండేది. హిందూపురం, మదనపల్లె మద్రాసు రాజధానిలోవి కనుక అక్కడ బ్రిటిషు ఇండియా వారి 1922 చట్టం. కోలారు, బాగేపల్లి, పావగడ మైసూరు సంస్థానంలోవి కనుక అక్కడ 1923 నాటి మైసూరు ఆదాయపు పన్ను చట్టం. పొలిమేర దాటితే పన్ను చట్టం మారేది. 1950 ఏప్రిల్ నుంచి రెండు వైపులా ఒకే చట్టమయింది.

1961 చట్టం స్కూటరు వాడికి కొంత మేలు చేసింది. కంపెనీ వాహన అలవెన్సు ఇవ్వకపోతే, సొంత బండిని ఉద్యోగం పనికి వాడేవాడు దాని నిర్వహణకు, అరుగుదలకు కొంత మొత్తం తగ్గించుకోవచ్చు. ఎంత అన్నది అధికారి అంచనా. ఇక్కడే పేచీలు.

ఆ పేచీలు వద్దని 1974 ఫైనాన్సు చట్టం పుస్తకాలు, ప్రయాణం, బండి ఖర్చులన్నీ కలిపి స్టాండర్డ్ డిడక్షన్ అని ఒకే తగ్గింపు పెట్టింది. జీతంలో మొదటి 10,000 రూపాయల మీద నూటికి 20, ఆపైన నూటికి 10, మొత్తం 3,500కు మించకూడదు. ఏడాదికి 12,000 జీతమైతే 2,200 తగ్గింపు. మల్లేశ్వరంలో ఇంటి పక్కనే ఆఫీసున్న గుమాస్తాకూ అంతే, రోజంతా సొంత స్కూటరు మీద తిరిగేవాడికీ అంతే. లెక్క సులువయింది, నిజమే. కాని తిరిగేవాడికి అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం.

2005లో అదీ తీసేశారు. 2018లో 40,000 రూపాయలుగా తిరిగి వచ్చింది. అయితే అప్పటిదాకా ఇంటినుంచి ఆఫీసుకు పోయిరావడానికి ఇచ్చే అలవెన్సులో నెలకు 1,600 వరకు ఉన్న మినహాయింపును, ఏడాదికి 15,000 వైద్యఖర్చు మినహాయింపును అదే చేత్తో తీసేశారు. రెండూ కలిపితే 34,200. అంటే ఆ రెండూ పూర్తిగా అందుకుంటున్నవాడికి నికరంగా దక్కిన అదనపు తగ్గింపు 5,800 రూపాయలే! తరువాత 2019లో 50,000, 2024లో కొత్త పన్ను విధానంలో 75,000 చేశారు.

సొంత వ్యాపారం, వృత్తి ఉన్నవారి దారి వేరు. 1961 చట్టం వాహనాన్ని యంత్రసామగ్రిలో చేర్చింది కనుక డాక్టరు గారు తన కారు ఖర్చు, తరుగుదల రాసుకోగలిగారు. అదే కారులో తిరుపతి పెళ్లికి పోయివస్తే ఆ వంతు మినహాయించుకోవాలి.

జీతగాడికి మిగిలిన దారి ఒక్కటే. విధి నిర్వహణలో తిరిగినందుకు కంపెనీ విడిగా ఇచ్చిన అలవెన్సులో నిజంగా ఖర్చయినంతవరకు పన్ను పడదు. 2020లో కొత్త విధానం వచ్చినప్పుడూ దీన్ని ఉంచారు. అదే డబ్బు జీతంలో కలిపేసి ఇస్తే పన్ను పడుతుంది. కనుక ఉద్యోగంలో చేరేటప్పుడే ఆ మాట అడిగి, కాగితం మీద విడిగా రాయించుకోవడం మంచిది. సొంత కారు ఖర్చును కంపెనీ భరించే సందర్భంలో ఏమేం చూపాలో 2001 నాటి నిబంధనలు చెప్పాయి: ప్రయాణం తేదీ, వెళ్లిన ఊరు, నడిచిన దూరం, అయిన ఖర్చు. స్కూటరు వారికీ ఆ నాలుగు గళ్ల పుస్తకమే పనికొస్తుంది. ఒట్టి పెట్రోలు బంకు రసీదు బండి ఎవరి పని మీద పోయిందో చెప్పదు.