విందాలూలో ఆలూ లేదు
మాదాపూర్‌లో గోవా వంటలు దొరికే చోట మెనూలో ‘విందాలూ’ చూడగానే తెలుగు చెవి దాన్ని రెండు ముక్కలు చేస్తుంది: విందు, ఆలూ. రెండూ కావు. అసలు మాట పోర్చుగీసు ‘విన్యా దాల్యుష్’. ‘విన్యు’ అంటే వైన్, ‘ఆల్యు’ అంటే వెల్లుల్లి. ఆ రెంటిలో నానబెట్టి వండిన పంది మాంసం మదీరా దీవిలో నేటికీ క్రిస్మస్ వంటకం.

1510లో గోవాను పట్టుకున్న పోర్చుగీసులతో ఆ వంట ఇటు వచ్చింది. వైన్ స్థానంలోకి కొబ్బరి కల్లు పులిసిన వెనిగర్ వచ్చింది. అమెరికా ఖండం నుంచి వాళ్లే తెచ్చిన మిరపకాయా తోడైంది. మన గుంటూరు ఘాటుకూ మూలం ఆ ఓడలేనంటే ఒప్పుకోబుద్ధి కాదు గానీ, నిజం అదే.

తర్వాత ఇంగ్లండులోని కర్రీ హోటళ్లు పులుపును తగ్గించి కారాన్ని పెంచాయి. పేరుకు న్యాయం చేస్తున్నట్టు బంగాళాదుంపలూ వేశాయి! నాలుకకు వెనిగర్ పులుపు తగలకపోతే అది వట్టి కారం కూరే, విందాలూ కాదు.

పోర్చుగీసు మాటలు తినడం మనకేం కొత్త కాదు. అనాస వాళ్ల ‘అననాష్’. సైబర్ టవర్స్ దగ్గర సాయంత్రం తినే వడా పావ్‌లోని పావ్ వాళ్ల రొట్టె.