కారు బీమా: నేరుగానా, బ్రోకరు ద్వారానా?

చేవెళ్ల ప్రాంతమందలి చందనవెల్లిలో నేడు కారు కొన్న గృహస్థుడు, బీమాను కంపెనీ వద్ద నేరుగా తీసికొనవలెనా, బ్రోకరు ద్వారా తీసికొనవలెనా యని యోచింపగల స్వేచ్ఛ బహుకాలమునాటిది గాదు. 1973 జనవరి 1 నుండి సాధారణ బీమా వ్యాపారము జాతీయమై, నాలుగు ప్రభుత్వ సంస్థల పరమగుటతో, కొనువానికి కంపెనీ కార్యాలయమో, దాని ఏజెంటో శరణ్యమయ్యెను. 1999 నాటి చట్టము ప్రైవేటు సంస్థలకు ద్వారములు తెరచిన పిమ్మట, 2002లో బీమా నియంత్రణ సంస్థ బ్రోకర్ల నిబంధనలను వెలువరించెను; ఆ సంస్థ ప్రధాన కార్యాలయము మన హైదరాబాదుననే యున్నది.

ఏజెంటు కంపెనీ ప్రతినిధి. బ్రోకరు కొనువాని ప్రతినిధి, అనేక సంస్థల పాలసీలను పోల్చి చూపుట ఆతని ధర్మము. థర్డ్ పార్టీ ప్రీమియమును ప్రభుత్వమే నిర్ణయించును గనుక, ఎవరివద్ద కొన్నను అది యొక్కటే; వ్యత్యాసము ప్రధానముగా సొంత వాహన నష్టపు భాగమునందే. నష్టపరిహారము చెల్లించునది మాత్రము ఎప్పుడును కంపెనీయే. కావున పాలసీ పత్రమున వాహనపు ప్రకటిత విలువను, మినహాయింపులను స్వయముగా చదివినవాడే, ఏ మార్గమున వెళ్లినను, మోసపోకుండును.