మనోవర్తి నుంచి స్వీయహక్కుకు: జీవితబీమా, తెలుగు కుటుంబాలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇంటి యజమాని మరణిస్తే భార్యాబిడ్డల పోషణ ఎలా అన్న ప్రశ్నకు ఉమ్మడి కుటుంబం, భవిష్యనిధి, జీవితబీమా వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. ఎంత కూడబెట్టారన్నదానితో పాటు, ఆ సొమ్ముపై చట్టం ఎవరికి హక్కు ఇచ్చిందన్నది కూడా వితంతువు జీవితాన్ని నిర్ణయించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1874నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టంలోని 6వ సెక్షన్ తెలుగు ప్రాంతాల్లో అమలైన క్రమం ఇందుకు ప్రధాన ఆధారం.

కీలకపదాలు: మితాక్షర, మనోవర్తి, జీవితబీమా, భవిష్యనిధి, నామినీ.

1. ప్రవేశిక

వార్ధక్యానికీ, ఆపత్కాలానికీ ముందుగా సొమ్ము కూడబెట్టడాన్ని నేడు కుటుంబ ఆర్థిక ప్రణాళిక అంటున్నాం. దీని చరిత్రను బ్యాంకుల, బీమా సంస్థల ఆవిర్భావ చరిత్రగా చెప్పడం పరిపాటి. తపాలా శాఖ పొదుపు బ్యాంకు 1882లో, తపాలా జీవితబీమా 1884లో మొదలయ్యాయి. అయితే దాచిన సొమ్ము భర్త మరణానంతరం భార్య చేతికే అందుతుందన్న భరోసా సంస్థ ఏర్పడినంత మాత్రాన రాలేదు. ధర్మశాస్త్ర సంప్రదాయానికీ, వలసపాలన చట్టాలకూ మధ్య సాగిన సుదీర్ఘ వివాదం నుంచి అది క్రమంగా రూపొందింది.

2. ఉమ్మడి కుటుంబంలో మనోవర్తి

తెలుగునాట హిందూ కుటుంబాల దాయవిభాగానికి విజ్ఞానేశ్వరుని మితాక్షర ప్రమాణం. 13వ శతాబ్దిలో కేతన దీనిని ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించాడు. వలసపాలన నాటి న్యాయస్థానాలు అన్వయించిన మితాక్షర న్యాయం ప్రకారం, అవిభక్త కుటుంబంలో ఒక పురుషుడు మరణిస్తే అతని వాటా బతికివున్న సహదాయాదులకే చెందేది. వితంతువుకు దక్కేది మనోవర్తి. అది ఆస్తిలో వాటా కాదు, పోషణకు ఇచ్చే భృతి.

జీతగాళ్ల తరం వచ్చాక చిక్కు పెరిగింది. కుటుంబ ధనంతో ఉన్నత విద్య అభ్యసించినవాని సంపాదన అతనిదా, ఉమ్మడిదా అన్న వివాదం తలెత్తింది. 19వ శతాబ్ది చివర మద్రాసు శాసనమండలిలో భాష్యం అయ్యంగారు ప్రతిపాదించిన విద్యార్జిత ధన బిల్లు చట్టరూపం దాల్చలేదు. 1921లో ప్రీవీ కౌన్సిల్ ఒక ఐ.సి.ఎస్. అధికారి సంపాదనను సైతం ఉమ్మడి ఆస్తిగానే పరిగణించింది. 1930నాటి విద్యార్జిత ధన చట్టంతోనే ఈ వివాదం సమసింది. అప్పటివరకు ఇటువంటి ఉద్యోగి భార్య కోసం దాచిన సొమ్ముపై అన్నదమ్ములు వాటా కోరే అవకాశం ఉండేది.

3. ఆరవ సెక్షన్: ఒకే భాష, రెండు కాలాలు

ఈ నేపథ్యంలో 1874 చట్టంలోని 6వ సెక్షన్ ప్రాధాన్యం స్పష్టమవుతుంది. వివాహితుడు తన ప్రాణంపై తీసుకున్న పాలసీలో, అది భార్య లేదా బిడ్డల ప్రయోజనం కోసమని రాయిస్తే అది వారి ట్రస్టుగా పరిగణన పొందుతుంది. ఆ లబ్ధిదారుల ప్రయోజనం కొనసాగినంత కాలం ఆ సొమ్ము భర్త అదుపులోకి గాని, అతని ఎస్టేటులోకి గాని రాదు. అప్పులవాళ్లకూ చెందదు. అప్పులవాళ్లను మోసగించే ఉద్దేశంతో పాలసీ తీసుకున్నట్లు రుజువైతే మాత్రం పాలసీ సొమ్ము నుంచి తమ బాకీ రాబట్టుకొనే హక్కు వారికి ఉంటుంది.

అయితే అదే చట్టంలోని 2వ సెక్షన్ హిందువులు, ముస్లింలు తదితరులను మినహాయించింది. ఆ మినహాయింపు 6వ సెక్షన్‌కూ వర్తిస్తుందా అన్న సందేహం దాదాపు నాలుగు దశాబ్దాలు నిలిచింది. వర్తించదని, హిందువుల పాలసీలకూ ఈ రక్షణ ఉన్నదని మద్రాసు హైకోర్టు పూర్ణ ధర్మాసనం నిర్ణయించింది. 1923 సవరణ దీనిని చట్టంలో చేర్చింది. మద్రాసు రాష్ట్రంలో 1913 డిసెంబరు 31 తర్వాత, తక్కిన బ్రిటిష్ ఇండియాలో 1923 ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న పాలసీలకు ఈ రక్షణ లభించింది.

కోస్తా, రాయలసీమలు మద్రాసులో భాగం. తెలంగాణ నిజాం రాజ్యంలో ఉండేది. అక్కడికి ఈ చట్టం 1959నాటి విస్తరణ చట్టం ద్వారా గాని చేరలేదు. అంటే బెజవాడ గుమాస్తా 1914లో తన భార్య పేర రాయించగలిగిన రక్షణ, వరంగల్లు గుమాస్తాకు ఈ చట్టం కింద నాలుగున్నర దశాబ్దాల తర్వాత లభించింది.

4. సంస్థలు, సమాంతర చట్టాలు

మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని స్థాపించారు. 1925లోనే వచ్చిన భవిష్యనిధి చట్టం, చందాదారు మరణిస్తే అతని ఖాతాలోని సొమ్ము అప్పులతో నిమిత్తం లేకుండా ఆశ్రితులకు చెందేలా చేసింది. 1937 చట్టం వితంతువుకు భర్త వాటాలో హక్కు ఇచ్చినా అది పరిమిత హక్కు. 1956 హిందూ వారసత్వ చట్టం దానిని సంపూర్ణం చేసింది. అదే ఏడాది సెప్టెంబరు 1న 245 సంస్థలను విలీనం చేసుకొని భారతీయ జీవితబీమా సంస్థ ఏర్పడింది.

ఆ తర్వాత కూడా ‘నామినీ’ అన్న మాట అపోహకు తావిచ్చింది. నామినీ సొమ్ము అందుకొనే వ్యక్తి మాత్రమేనని, వారసుల హక్కు అలాగే ఉంటుందని 1983 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. 2015 సవరణ తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, సంతానం నామినీలైతే వారిని లబ్ధిదారులుగా గుర్తించింది.

5. ముగింపు

• ఉమ్మడి కుటుంబం వితంతువుకు పోషణ ఇచ్చింది గాని, ధనంపై అధికారం ఇవ్వలేదు.
• 6వ సెక్షన్ పాలసీ, వారసత్వ చట్టాల సంస్కరణకు ముందే ఆమెకు స్వీయహక్కు కల్పించింది. అయితే భర్త తన జీవితకాలంలో ఆమె పేర రాయిస్తేనే ఆ హక్కు సిద్ధించేది.
• ఈ హక్కు తెలుగు ప్రాంతాలన్నిటికీ ఒకే కాలంలో అందలేదు.

తెలుగు కథల్లో, నవలల్లో, ఆత్మకథల్లో కనిపించే వితంతువుల స్థితిని వ్యాఖ్యానించేటప్పుడు ఆచారంతో పాటు ఈ చట్టాల కాలాన్నీ, ప్రాంతాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఒక పాత్ర మరిది గడపలో ఎందుకు మిగిలిపోయిందో, మరొక పాత్ర వేరు కాపురం ఎలా పెట్టగలిగిందో తెలుసుకోవడానికి ఆ ఇంటి కాగితాలపై ఎవరి పేరు రాసి ఉన్నదన్న ప్రశ్న కూడా తోడ్పడుతుంది.