ఆ వయొలిన్లు ఎవరివి?

ద వర్వ్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ 1997లో 'బిటర్ స్వీట్ సింఫనీ' అనే పాట విడుదల చేసింది. పేరు తెలియకపోయినా దాని మొదట్లో వచ్చే వయొలిన్ల బిట్ మీ చెవిన పడే ఉంటుంది. నైకీ వాళ్ళు కూడా యాడ్‌లో వాడుకున్నారు. పాడేవాడు నోరు తెరవకముందే ఇది ఏ పాటో తెలిసిపోతుంది. తిరిగి తిరిగి మొదటికొస్తూ, చివరిదాకా పాటని ఆ బిట్టే మోస్తుంది. ఇలాంటి చిన్న స్వరాల గుంపుని వాళ్ళు రిఫ్ అంటారు. "ఈ బిట్ ఎక్కడో విన్నట్టుందే" అని మనం అనుకునేది చాలాసార్లు ఇలాంటి దాని గురించే.

ఈ పాట వెనక ఒక గొడవ ఉంది. దాన్ని మామూలుగా ఇలా చెప్తారు. పాట రాసి పాడిన రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్, రోలింగ్ స్టోన్స్ వాళ్ళ 'ద లాస్ట్ టైమ్' పాటకి వచ్చిన ఒక ఆర్కెస్ట్రా రికార్డులోంచి చిన్న ముక్క తీసుకున్నాడు. ఆ రికార్డింగ్ వాడుకోవడానికి డెక్కా కంపెనీ దగ్గర అనుమతి దొరికింది. కానీ 'ద లాస్ట్ టైమ్' స్వరరచన మీద హక్కు ఏబీకేసీఓ అనే కంపెనీది. దాని యజమాని ఆలెన్ క్లైన్, స్టోన్స్ పాత మేనేజర్, ఒప్పుకోలేదు. బేరం తెగేసరికి ఆష్‌క్రాఫ్ట్ చేతికి వెయ్యి డాలర్లొచ్చాయి, పాట రాయల్టీలు అవతలికి పోయాయి. స్వరకర్తలుగా మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ పేర్లు పడ్డాయి. 22 ఏళ్ళ తరవాత, 2019 మేలో, జాగర్, రిచర్డ్స్ తమ వాటా వదులుకుని పాటని ఆష్‌క్రాఫ్ట్‌కి తిరిగిచ్చేశారు.

నష్టపోయినవాడు, లాక్కున్నవాడు, ఆలస్యంగానైనా న్యాయం. కథ బావుంది. కానీ ఇందులో అసలు మనిషి లేడు.

స్టోన్స్ పాడిన 'ద లాస్ట్ టైమ్' 1965లో వచ్చింది. అది విని, వెంటనే ద వర్వ్ పాట వినండి. ఆ వయొలిన్ల బిట్ స్టోన్స్ పాటలో దొరకదు. గిటార్ ఉంది, పాట వరుస ఉంది, ఆ తీగలు మాత్రం లేవు. అవి వచ్చింది ఆండ్రూ ఓల్డమ్ ఆర్కెస్ట్రా రికార్డులో. స్టోన్స్ మేనేజర్, ప్రొడ్యూసర్ అయిన ఓల్డమ్ 1960ల మధ్యలో వాళ్ళ పాటలని ఆర్కెస్ట్రాతో వాయించి ఒక ఆల్బమ్ తీశాడు. అందులో 'ద లాస్ట్ టైమ్'కి అరేంజ్‌మెంట్ చేసినవాడు డేవిడ్ విటేకర్. ప్రపంచం గుర్తుపట్టే ఆ తీగల వరుస అతని పని. దాని మీద 22 ఏళ్ళు రెండు పక్షాలు తగువులాడుకున్నాయి, ఆ రెండింట్లోనూ విటేకర్ లేడు. అరేంజర్‌కి పని చేసినందుకు కూలి ఉంటుంది, స్వరరచనలో వాటా ఉండదు.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. 'ద లాస్ట్ టైమ్' అయినా జాగర్, రిచర్డ్స్‌ల సొంతమా? స్టేపుల్ సింగర్స్ అనే అమెరికన్ నల్లజాతి కుటుంబ బృందం చర్చి పాటలు పాడేది. వాళ్ళు పాడిన ఒక సంప్రదాయ గాస్పెల్ పాటనే తాము మార్చి వాడుకున్నామని కీత్ రిచర్డ్స్ తరవాతి రోజుల్లో చెప్పాడు. గాస్పెల్ పాట పల్లవి స్టోన్స్ దగ్గరికి, స్టోన్స్ పాట విటేకర్ దగ్గరికి, విటేకర్ తీగలు ఆష్‌క్రాఫ్ట్ దగ్గరికి వెళ్ళాయి. ప్రతివాడూ తీసుకున్నాడు, ప్రతివాడూ ఏదో కలిపాడు. ఈ గొలుసులో చట్టం ఒక్క లింకునే పట్టుకుని, యజమాని వీడేనంది.

నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోడ్ రాసే ఉద్యోగంలో ఉన్నాను. మా దగ్గర గిట్ బ్లేమ్ అని ఒక కమాండ్ ఉంటుంది. ఏ ఫైల్ మీద కొట్టినా, ఈ లైను ఎవరు రాశారో, ఏ రోజు రాశారో వరసగా చూపిస్తుంది. ఆ మనిషి కంపెనీ వదిలేసి పదేళ్ళయినా పేరు అక్కడే ఉంటుంది. కోడ్ మీద హక్కు కంపెనీది, అది వేరే సంగతి. లైను మాత్రం ఫలానావాళ్ళది. పాటలకి ఇలాంటి కమాండ్ లేదు. రికార్డు కవర్ మీద ఉండేది హక్కుదారుల జాబితా. దాన్నే మనం చేసినవాళ్ళ జాబితా అనుకుంటాం.

ఈ రెండు జాబితాల మధ్య ఎంత దూరం ఉంటుందో చూడాలంటే గ్రెగరీ కోల్‌మన్ కథ చాలు. 1969లో ద విన్స్‌టన్స్ అనే అమెరికన్ బృందం 'కలర్ హిమ్ ఫాదర్' అని ఒక రికార్డు తెచ్చింది. దాని రెండో వైపు నింపడానికి 'ఆమెన్, బ్రదర్' అని మాటల్లేని ఒక ముక్క వాయించారు. అది కూడా పాత గాస్పెల్ పాట 'ఆమెన్' మీద కట్టినదే. దాని మధ్యలో మిగతావాళ్ళందరూ ఆగిపోతారు. డ్రమ్మర్ కోల్‌మన్ ఒక్కడే నాలుగు ఆవర్తాలు వాయిస్తాడు. మొత్తం ఏడు సెకన్లు కూడా ఉండదు.

1986లో డీజేల కోసం తెచ్చిన 'అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్' అనే రికార్డుల వరసలో ఆ పాట చేరింది. అప్పుడే శాంప్లర్ యంత్రాలు చవకవుతున్నాయి. రికార్డులోంచి ఓ ముక్క కోసి, దాన్నే తిప్పి తిప్పి వాయించడం బెడ్రూముల్లో కూర్చుని కూడా చెయ్యగలిగే పనైంది. 1988లో ఎన్‌డబ్ల్యుఏ 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్'లో ఆ డ్రమ్సే వినిపిస్తాయి. 1990ల లండన్‌లో దాన్ని ముక్కలు చేసి, వేగం పెంచి, తిరగేసి అతికించి జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే శైలులే కట్టారు. ఇవాళ దాని పేరు ఆమెన్ బ్రేక్. వేల పాటల్లో ఉంది.

బృందం నాయకుడు, ఆ పాట హక్కుదారు రిచర్డ్ స్పెన్సర్‌కి ఇదంతా 1996 దాకా తెలియదు. తెలిసేసరికి దావా వెయ్యడానికి గడువు దాటిపోయింది. కోల్‌మన్ 2006లో అట్లాంటాలో ఇల్లూ వాకిలీ లేని స్థితిలో చనిపోయాడు. తన వాయింపు ఎంత దూరం వెళ్ళిందో అతనికి బహుశా తెలిసి ఉండదని స్పెన్సర్ అనేవాడు. 2015లో ఒక బ్రిటిష్ డీజే మొదలుపెట్టిన చందాలో సుమారు 24,000 పౌండ్లు పోగై స్పెన్సర్‌కి చేరాయి. ఒకవేళ హక్కు ప్రకారమే అన్నీ జరిగి ఉన్నా, ఆ డబ్బు వెళ్ళేది స్పెన్సర్‌కే. డ్రమ్స్ వాయించినవాడికి ఆ హక్కులో చోటే లేదు.

ఎందుకిలా? చట్టానికి పాటలో రెండే వస్తువులు కనిపిస్తాయి. ఒకటి స్వరరచన, కాగితం మీద రాయగలిగేది. రెండోది రికార్డింగ్, డబ్బు పెట్టినవాడిది. ఈ రెంటికీ మధ్య పాటని పాటగా చేసేది చాలా ఉంటుంది. డ్రమ్ముల మీద కర్ర ఎంత ఆలస్యంగా పడింది, వయొలిన్లు ఎక్కడ పైకి లేచాయి, బేస్ గిటార్ ఏ స్వరం దగ్గర ఆగింది. ఇవన్నీ ఆ రెండు వస్తువుల సందులోంచి జారిపోతాయి. 1991లో న్యూయార్క్ కోర్టులో బిజ్ మార్కీ అనే ర్యాపర్ మీద అనుమతి లేని శాంపిల్ కేసు తేలినప్పుడు, జడ్జి తీర్పుని దొంగతనం చెయ్యకూడదన్న బైబిల్ ఆజ్ఞతో మొదలుపెట్టాడు. ఆ తరవాత శాంపిల్ అంటే ముందు లాయర్‌కి ఫోన్ చెయ్యాల్సిన వ్యవహారం అయింది. డబ్బు చేతులు మారడం మొదలైంది. చాలాసార్లు అది వాయించినవాళ్ళ చేతుల్లోకి మాత్రం రాలేదు.

తీసుకోవడమే తప్పని నేననడం లేదు. ముత్తుస్వామి దీక్షితర్ మద్రాసు దగ్గర కంపెనీ బ్యాండ్లు వాయించే పాశ్చాత్య వరుసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టి నోట్టుస్వరాలు చేశాడు. వాటిలో 'సంతతం పాహిమాం' బ్రిటిష్ రాజుగారి జాతీయగీతం వరుస. మన ఊళ్ళ భజన పుస్తకాల్లో పాట పైన "ఫలానా సినిమా పాట వరుస" అని అచ్చు వేసేవారు. చూడ్డానికి చిన్న విషయం, కానీ ఆ ఒక్క లైను చాలా మర్యాదైనది. తీసుకున్నాం, ఇదిగో ఇక్కణ్ణించి తీసుకున్నాం. నా ఫిర్యాదు తీసుకోవడం మీద కాదు, ఆ లైను చెరిగిపోవడం మీద.

ఆ లైను ఎలా చెరుగుతుందో మనకి దగ్గరి ఉదాహరణ ఒకటుంది. బ్రిట్నీ స్పియర్స్ 'టాక్సిక్' 2003లో వచ్చిన ఆల్బమ్‌లోది, 2005లో దానికి గ్రామీ వచ్చింది. దాన్ని ప్రొడ్యూస్ చేసింది స్వీడన్‌కి చెందిన బ్లడ్‌షై అండ్ అవాంట్ అనే జంట. చెవిలో గుచ్చుకునేలా ఎక్కడో పైన కూసే దాని వయొలిన్లు 'ఏక్ దూజే కే లియే' (1981) సినిమాలోని 'తేరే మేరే బీచ్ మే' పాటలోవి. ఆ సినిమా మన 'మరో చరిత్ర'కి హిందీ రూపం. దర్శకుడు అదే బాలచందర్, నిర్మాత ఎల్.వి. ప్రసాద్. లతా మంగేష్కర్‌తో కలిసి పాడింది మన బాలు, ఆ సినిమాకే ఆయనకి జాతీయ అవార్డు వచ్చింది. సంగీతం లక్ష్మీకాంత్–ప్యారేలాల్. 'టాక్సిక్' రచయితలుగా ఉన్న నలుగురిలో వీళ్ళెవరూ లేరు.

ఇక్కడ మనం వెంటనే "మన పాట కొట్టేశారు" అంటాం. అనొచ్చు. కానీ మన అనేటప్పుడు ఎవరిని తలుచుకుంటున్నాం? బాలుని, లతని, లక్ష్మీకాంత్–ప్యారేలాల్‌ని. 'టాక్సిక్'లో ఉన్నది వాళ్ళ గొంతులు కావు, వయొలిన్లు. ఆ రోజు బొంబాయి స్టూడియోలో కమాను పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఎవరు? ఆ స్టూడియోల్లో వయొలిన్ వాయించినవాళ్ళలో చాలామంది గోవా నుంచి వచ్చినవాళ్ళు. చర్చి బళ్ళలో స్వరలిపి నేర్చుకుని, పొట్టకూటికి బొంబాయి చేరినవాళ్ళు. రికార్డింగ్ అవగానే ఆ పూట డబ్బు తీసుకుని ఇంకో స్టూడియోకి వెళ్ళిపోయేవారు. సినిమా టైటిల్స్‌లో వాళ్ళ పేర్లు పడేవి కావు.

వాళ్ళలో ఒకాయన పేరు మాత్రం దేశమంతా పాడింది, అది నిజం మనిషి పేరని తెలియకుండానే. 'అమర్ అక్బర్ ఆంటొనీ' (1977)లో అమితాబ్ గుడ్డులోంచి బయటికొచ్చి చెప్పే ఆంటొనీ గొన్సాల్వెస్, ప్యారేలాల్‌కి వయొలిన్ నేర్పిన గోవా గురువు. బొంబాయి సినిమాలకి ఎన్నో అరేంజ్‌మెంట్లు చేసిన మనిషి. టైటిల్స్‌లో చోటు దొరకని పేరుని శిష్యుడు ఆ పాటలోకి చేర్చాడు. విటేకర్, గొన్సాల్వెస్ ఇద్దరూ 2012 జనవరిలోనే పోయారు.

అదే 2012లో మన కాపీరైట్ చట్టం మారింది. అప్పటిదాకా సినిమా పాట మీద హక్కు నిర్మాతదేనన్న 1977 నాటి సుప్రీంకోర్టు తీర్పు నడిచింది. ఇప్పుడు గీత రచయితకీ, స్వరకర్తకీ రాయల్టీ వాటా ఉంది, దాన్ని ముందే వదులుకున్నట్టు సంతకం పెట్టించుకోవడం చెల్లదు. మంచి మార్పు. కానీ వాటా ఇవ్వాలంటే ముందు జాబితాలో పేరుండాలి.

ఆమెన్ బ్రేక్ చందా గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది. ఎవరూ అడక్కుండానే, చట్టం చెప్పకుండానే, ముక్కూ మొహం తెలియని జనం డబ్బు పంపారు. పంపడానికి వాళ్ళకి ఒక పేరు దొరికింది. 'టాక్సిక్' వయొలిన్లు నచ్చి, వాయించినవాళ్ళకి నా వంతుగా వంద రూపాయలు పంపుతానని రేపు మీరు అనుకుంటే, ఎవరికి పంపాలో చెప్పే కాగితం ఎక్కడా లేదు.