మెదడు కుదుపునకు చేతి చికిత్సలు

తలకు తగిలిన దెబ్బ వల్ల గాని, ఒళ్లంతా అదిరిపోయేలా పడడం వల్ల గాని పుర్రెలోని మెదడు కుదుపునకు లోనై, కొంతకాలం దాని పనితీరు తప్పుతుంది. వైద్యులు దీన్ని కంకషన్ అంటారు. స్పృహ తప్పి తీరాలనేం లేదు. సీటీ స్కాన్‌లో సాధారణంగా ఏమీ కనపడదు. స్కాన్ బాగుందని ఇంటికి పంపాక కూడా కొందరిని తలనొప్పి, కళ్లు తిరగడం, వెలుతురు పడకపోవడం, మెడ పట్టేయడం వారాల తరబడి వదలవు.

ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద, తెలంగాణ సరిహద్దు దగ్గర ఉంది. ఇలాంటి రహదారి ఊళ్లలో ఈ దెబ్బకు పెద్ద కారణం బండి మీంచి పడడం. పడ్డవాడికి ఇంట్లో నూనె పెట్టి తల మర్దన చేస్తారు. మెడ పట్టేసిందంటే సెలూన్‌లో మెడ విరిపించుకుంటాడు. మర్దన సేద దీర్చవచ్చు. మెడ విరవడం మాత్రం ప్రమాదకరం.

కుదుపు తిన్న మెదడును చేత్తో నయం చేయలేం. చేతికి అందేవి రెండే: మెడ, లోపలి చెవి. తలను కుదిపిన దెబ్బే మెడ కీళ్లను, కండరాలనూ కుదుపుతుంది. తలనొప్పి చాలాసార్లు అక్కడి నుంచే పుడుతుంది. ఫిజియోథెరపిస్టు ఆ కీళ్లను నెమ్మదిగా కదిలించి, మెడకూ శరీర సమతూకానికీ కసరత్తులు నేర్పుతారు. 2014లో కెనడాలోని కాల్గరీ పరిశోధకులు ఆటలో కంకషన్‌కు గురైన 12 నుంచి 30 ఏళ్ల మధ్యవారు 31 మందిపై దీన్ని పరీక్షించారు. 8 వారాల్లో తిరిగి ఆటకు అనుమతి పొందినవారు ఈ చికిత్స తీసుకున్న బృందంలో 73 శాతం, తీసుకోని బృందంలో 7 శాతం. పరీక్ష చిన్నదే గాని తేడా పెద్దది. 2022 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూడిన నిపుణులు కూడా, నొప్పి, తల తిరుగుడు 10 రోజులు దాటితే ఈ మార్గాన్నే సూచించారు.

పక్క మీద ఒత్తిగిలితే గిర్రున తిరుగుతోందంటే లోపలి చెవిని అనుమానించాలి. దెబ్బకు అక్కడి సున్నపు రేణువులు చోటు తప్పి అర్ధవర్తుల కుల్యల్లోకి జారతాయి. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ రూపొందించిన పద్ధతిలో తలను 45 డిగ్రీలు పక్కకు తిప్పి, వెల్లకిలా పడుకోబెట్టి, రెండో వైపుకు తిప్పి, ఆ పక్కకే ఒత్తిగిలబెట్టి లేపుతారు. రేణువులు తిరిగి తమ చోటికి చేరతాయి. నిమిషాల పని, మందు అక్కర్లేదు. మెడకు గాయం లేదని తేల్చుకున్నాకే దీన్నీ చేయాలి.

పుర్రె ఎముకలను మృదువుగా తాకి సరిచేస్తామనే క్రేనియోసేక్రల్ చికిత్సకు గట్టి రుజువు లేదు. మెడను విసురుగా తిప్పితే మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు. మెడ వెనక్కి వంచి ఉంచడమూ ప్రమాదమే: 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ల మహిళకు బ్యూటీపార్లర్‌లో తల కడిగించుకుంటుండగా పక్షవాతం వచ్చినట్టు ఆమెను చూసిన వైద్యులు చెప్పారు.

మొదటి ఒకటి రెండు రోజులు పని, ఫోను తగ్గించి విశ్రాంతి తీసుకోవాలి. ఆ తర్వాత మంచం పట్టకుండా మెల్లగా నడవాలి. పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, ఫిట్స్, ఒక పక్క బలహీనత కనిపిస్తే మర్దనలతో కాలయాపన చేయొద్దు. తిరువూరు నుంచి విజయవాడ సుమారు 75 కిలోమీటర్లు, ఆలస్యం చేసే వీలు లేదు. వెంటనే 108కి ఫోన్ చేయండి.