సేద్యానికి సలహా ఎక్కడ? పునుకుల నేర్పిన పాఠం

పాల్వంచ: పైరుకు పురుగు పట్టినప్పుడు రైతు ముందుగా ఎవరిని అడుగుతాడన్న దానిపైనే ఆ ఏటి పెట్టుబడి చాలావరకు ఆధారపడి ఉంటుంది. 2003లో జాతీయ నమూనా సర్వే సంస్థ దేశవ్యాప్తంగా రైతు కుటుంబాల స్థితిగతులను పరిశీలించింది. ఆధునిక సేద్యంపై ఏదో ఒక మార్గంలో సమాచారం పొందిన కుటుంబాలు సుమారు 40 శాతమేనని అందులో తేలింది. మొత్తం కుటుంబాల్లో తోటి అభ్యుదయ రైతుల ద్వారా తెలుసుకున్నవి 16.7 శాతం, ఎరువులు, పురుగుమందుల వ్యాపారులను ఆశ్రయించినవి 13.1 శాతం. ప్రభుత్వ విస్తరణ సిబ్బంది సలహా అందుకున్నవి 5.7 శాతం మాత్రమే. ఈ లోటు పల్లెను ఎలా దెబ్బతీస్తుందో, అది తీరితే ఏమవుతుందో చెప్పే గ్రామం పాల్వంచ మండలంలోని పునుకుల.

అప్పిచ్చినవారిదే సలహా

అప్పటి ఖమ్మం జిల్లాలో ఉన్న పునుకుల 2016 జిల్లాల పునర్విభజన తర్వాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పరిధిలోకి వచ్చింది. 1990వ దశకంలో ఇక్కడ పత్తి ప్రధాన పంట. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అప్పుపై ఇచ్చేదీ, ఏ మందు ఎంత కొట్టాలో చెప్పేదీ, చివరకు పంట కొనేదీ వ్యాపారులే. మందు అమ్ముకునేవారే వైద్యుడైనప్పుడు పిచికారీలు పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. పురుగు మందులకు లొంగలేదు, అప్పులు పెరిగాయి. పిచికారీ చేస్తూ విషప్రభావానికి గురై ఆసుపత్రుల పాలైనవారూ ఉన్నారు.

గట్టు మీదే బడి

1999 నుంచి ‘సెక్యూర్’ అనే స్వచ్ఛంద సంస్థ, హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ తోడ్పాటుతో ఈ ప్రాంతంలో పురుగుమందులు లేని సస్యరక్షణను ప్రచారం చేసింది. పురుగు జీవితచక్రాన్ని రైతుకు అర్థమయ్యేలా చెప్పడమే ఇందులో కీలకం. వేసవిలో లోతు దుక్కులు చేస్తే నేలలోని కోశస్థ దశలు ఎండకు, పక్షులకు బలవుతాయి. తొలకరి వానలకు బయటికి వచ్చే ఎర్ర గొంగళి పురుగు తల్లి రెక్కల పురుగులను సామూహిక మంటలతో, దీపపు ఎరలతో ఆకర్షించి చంపవచ్చు. లద్దె పురుగుకు ఆముదం, శనగపచ్చ పురుగుకు బంతి ఎర పంటలుగా పనికొస్తాయి. తెల్లదోమకు జిడ్డు పూసిన పసుపు రంగు పళ్లేలు, పురుగులను తినే పిట్టలకు పంగల కర్రలు ఏర్పాటు చేస్తారు. అవసరమైతే 5 శాతం వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం పిచికారీ చేస్తారు.

ముందు కొద్దిమంది రైతులే ముందుకొచ్చారు. వారి చేలు చూశాకే మిగిలినవారికి నమ్మకం కలిగింది. మహిళా సంఘాల సభ్యులు ఇంట్లోవారిని ఒప్పించడంలో, వేపగింజలు సేకరించి పొడి చేయడంలో ముందు నిలిచారు. 2004 నాటికి ఊరు పురుగుమందులను వదులుకుంది. ఆ మందుల వ్యాపారులను గ్రామంలోకి రానివ్వరాదని పంచాయతీ తీర్మానించింది. ఆ తర్వాత గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతిని ఇతర జిల్లాలకు విస్తరించింది.

ప్రభుత్వ వ్యవస్థ సాగిన తీరు

దేశంలో 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకంతో గ్రామసేవకుల వ్యవస్థ వచ్చింది. 1970వ దశకం మధ్య నుంచి ప్రపంచ బ్యాంకు సాయంతో ‘శిక్షణ-సందర్శన’ విధానం అమలైంది. 1974లో తొలి కృషి విజ్ఞాన కేంద్రం పుదుచ్చేరిలో ప్రారంభమైంది. విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలను జిల్లా స్థాయిలో రైతుల చెంతకు చేర్చేందుకు ఉమ్మడి రాష్ట్రంలో ఏరువాక కేంద్రాలు ఏర్పడ్డాయి. తెలంగాణలో సుమారు 5 వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారిని నియమించారు. క్లస్టర్‌కు ఒకటి చొప్పున 2,601 రైతు వేదికలు నిర్మించారు. తొలి వేదిక 2020 అక్టోబరు 31న జనగామ జిల్లా కొడకండ్లలో ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది మే 30న మొదలైన రైతు భరోసా కేంద్రాలకు 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మార్చారు.

సందేహం వస్తే..

పొలం చూసి చెప్పాల్సిన సమస్యకు క్లస్టర్ విస్తరణాధికారిని, కొత్త వంగడాలు, శిక్షణల కోసం కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించాలి. ఈ జిల్లాకు చెందిన కేంద్రం కొత్తగూడెం సమీపంలోని గరిమెళ్లపాడులో ఉంది. 2004 జనవరిలో మొదలైన కిసాన్ కాల్ సెంటర్‌కు 1800-180-1551 నంబరులో ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఫిర్యాదుకు వెళ్లేటప్పుడు తెగులు సోకిన కొమ్మ, పురుగు నమూనా, వాడిన మందు వివరాలు వెంట తీసుకెళ్తే నిర్ధారణ సులువవుతుంది.

తీరని లోటు

భవనాలు వచ్చినా సిబ్బంది సమయంలో అధిక భాగం పంటల నమోదుకు, పథకాల దరఖాస్తులకే సరిపోతోందన్నది రైతుల ప్రధాన ఆవేదన. పట్టా తమ పేరిట లేని కౌలుదారులు జాబితాలకెక్కక సలహాకూ దూరమవుతున్నారు. సాగు పనుల్లో సగానికి పైగా భారం మోసే మహిళలకు శిక్షణల్లో దక్కుతున్న చోటు తక్కువే.

పాఠం ఒకసారి చెబితే సరిపోదని పత్తి పంటే మళ్లీ రుజువు చేసింది. 2002లో దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తి కాయతొలుచు పురుగును అదుపు చేసినా, 2014-15 తర్వాత గులాబీ రంగు పురుగు దాన్ని తట్టుకుని నిలబడింది. లింగాకర్షక బుట్టలు పెట్టి, వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున రెక్కల పురుగులు పడితేనే నివారణకు దిగాలని శాస్త్రవేత్తలు సూచిస్తున్నారు. ఆ లెక్క చూడటం రైతుకు నేర్పేవారు సకాలంలో చేను గట్టెక్కితే అనవసరపు పిచికారీల ఖర్చు మిగులుతుంది. రాకపోతే రైతు మళ్లీ అప్పిచ్చే దుకాణం మెట్లే ఎక్కాల్సి వస్తుంది.